అనుకరణ ప్రామాణ్యం: సెన్సర్ నెట్‌వర్క్ పరిశోధనకు భట్టతౌతుని ప్రశ్నలు – దమ్మాయిగూడ నేపథ్యం

వ్యాససంగ్రహం

నిస్తంత్రీ సంవేదక జాలాలను (వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్‌లను) నేల మీద నెలకొల్పే ముందు కంప్యూటరులో నడిపి చూడడం ఇంజనీరింగ్ పరిశోధనలో స్థిరపడిన పద్ధతి. ఈ పద్ధతికి తెలుగులో వాడుకలో ఉన్న పేరు 'అనుకరణ'. భారతీయ అలంకారశాస్త్రంలో ఇదే మాట చుట్టూ వెయ్యేళ్ల కిందటే గట్టి వాదం జరిగింది. శ్రీశంకుకుడు అనుకరణను సమర్థించగా, భట్టతౌతుడు దాన్ని ఖండించాడు. ఆ వాదప్రతివాదాల వెలుగులో సిమ్యులేషన్ పరిశోధనల ప్రామాణ్యాన్ని పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం. హైదరాబాదు తూర్పు అంచున, జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు పొరుగున ఉన్న దమ్మాయిగూడను పరీక్షాస్థలంగా తీసుకోవడం జరిగింది.

కీలకపదాలు: అనుకరణ, శంకుకుడు, భట్టతౌతుడు, చిత్రతురగన్యాయం, సెన్సర్ నెట్‌వర్క్, క్షేత్రపరిశీలన, దమ్మాయిగూడ.

1. ప్రవేశిక

ఇ.సి.ఐ.ఎల్. దాటి ఉత్తరానికి సాగితే మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని దమ్మాయిగూడ వస్తుంది. దానికి ఆనుకొని నగరం చెత్తంతా చేరే జవహర్‌నగర్ యార్డు ఉంది. గాలి అటునుంచి వీచిన రాత్రి కిటికీలు మూసుకోవడం ఇక్కడి ఇళ్లలో అలవాటైన పని. యార్డు నుంచి ఊరే మురుగుద్రవం మల్కారం చెరువును పాడుచేసిన సంగతి పత్రికల్లో పలుమార్లు వచ్చింది. ఇటువంటి చోట గాలిని, నీటిని ఎడతెగకుండా కొలిచే చిన్న చిన్న పరికరాలను వీధివీధినా అమర్చి, వాటిని రేడియో ద్వారా ఒకదానితో ఒకటి కలపాలన్న ఆలోచన ఎవరికైనా కలుగుతుంది. ఆ ఆలోచన పరిశోధనాంశమైనప్పుడు మొదట జరిగేది కంప్యూటరులో ఒక చతురస్రం గీయడం, అందులో యాభయ్యో వందో చుక్కలు చల్లడం, ఆ చుక్కల మధ్య సమాచారం ఎలా పారుతుందో లెక్కగట్టడం. అనేక సందర్భాల్లో చివర జరిగేదీ అదే. గ్రాఫులు వస్తాయి, కొత్త పద్ధతి పాతదానికన్నా ఇంత శాతం మేలని తేలుతుంది, సిద్ధాంతవ్యాసం పూర్తవుతుంది. దమ్మాయిగూడలో ఒక్క పరికరమూ వెలగదు.

ఈ స్థితిని తప్పుపట్టడం తేలిక. తప్పు ఎక్కడుందో చెప్పడం కష్టం. సిమ్యులేషన్ అబద్ధమా, నిజమా, ఉజ్జాయింపా అన్న ప్రశ్నకు ఇంజనీరింగ్ శాస్త్రం గణాంకపరిభాషలో సమాధానం చెబుతుంది. అదే ప్రశ్నను జ్ఞానస్వరూపానికి సంబంధించినదిగా అడిగిన సంప్రదాయం అలంకారశాస్త్రానిది. నటుడు రాముణ్ణి అనుకరిస్తున్నప్పుడు ప్రేక్షకునికి కలిగేది ఏ విధమైన జ్ఞానం అన్నది అక్కడి చర్చ. ఆ చర్చను ఇక్కడికి తీసుకురావడం అలంకారం కోసం కాదని వ్యాసక్రమంలో తేలుతుంది.

2. సెన్సర్ జాలం – దాని అనుకరణ

సెన్సర్ జాలంలోని ఒక్కొక్క కణుపు అరచేతిలో ఇమిడే పరికరం. అందులో కొలిచే సెన్సరు, చిన్న ప్రాసెసరు, తక్కువ శక్తితో పనిచేసే రేడియో, బ్యాటరీ ఉంటాయి. ఇటువంటి రేడియోలకు 2003లో ఐ.ఇ.ఇ.ఇ. 802.15.4 అనే ప్రమాణం ఏర్పడింది. 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో సెకనుకు 250 కిలోబిట్లు దీని వేగం. ఒక్కో సందేశం 127 బైట్లకు మించదు. ప్రతి కణుపూ నేరుగా కేంద్రానికి చేరలేదు కాబట్టి పక్క కణుపుల చేతులు మారుతూ సమాచారం ప్రయాణిస్తుంది. ఎవరు ఎవరికి అందించాలి, ఎప్పుడు నిద్రపోవాలి, బ్యాటరీ ఎలా ఆదా చేయాలి అన్నవే ప్రధాన సమస్యలు.

వందల కణుపులు కొని, అమర్చి, విఫలమై, మళ్లీ అమర్చడం ఖర్చుతో కూడిన పని. అందుకే ఎన్‌ఎస్-2, దాని తరువాతి ఎన్‌ఎస్-3, ఓమ్నెట్, కూజా వంటి అనుకరణ సాధనాలు పుట్టాయి. 2003లో బర్క్‌లీ పరిశోధకులు ప్రకటించిన టాసిమ్‌కు ఒక విశేషం ఉంది. టైనీఓఎస్ అనే నిర్వహణ వ్యవస్థ మీద అసలు పరికరంలో నడిచే ప్రోగ్రామునే అది కంప్యూటరులో నడుపుతుంది. అంటే నటుడు వేరైనా సంభాషణలు అసలువే. అయితే తొలి టాసిమ్ బ్యాటరీ ఖర్చును లెక్కించలేదు. ఆ లోటు పూడ్చడానికి 2004లో పవర్‌టాసిమ్ వచ్చింది. అనుకరణ అంటే అన్నిటినీ అనుకరించడం కాదని, ఏది వదలాలో ముందే నిర్ణయించుకోవడమని ఈ చిన్న చరిత్రే చెబుతుంది.

ఏ సాధనమైనా గాలిలో రేడియో తరంగం ఎలా సాగుతుందో ఒక సూత్రం ద్వారా ఊహించాలి. అన్నిటికన్నా సరళమైనది 1946లో హరాల్డ్ ఫ్రిస్ ఇచ్చిన సూత్రం. అడ్డేమీ లేని శూన్యంలో దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకు తగ్గుతుంది. అడ్డంకులున్న చోట తగ్గుదల ఇంకా వేగంగా ఉంటుంది. ఆ వేగాన్ని సూచించే ఘాతాంకాన్ని, దానికి తోడు యాదృచ్ఛికమైన హెచ్చుతగ్గులను చేర్చి మరికొన్ని నమూనాలు తయారయ్యాయి. ఆ ఘాతాంకం విలువ ఎంత అన్నది సూత్రం చెప్పదు, స్థలం చెప్పాలి. వివాదమంతా ఇక్కడే మొదలవుతుంది.

3. శంకుకుని దృష్టిలో సిమ్యులేషన్

భరతుని రససూత్రాన్ని వ్యాఖ్యానించిన వారిలో శ్రీశంకుకుడు రసనిష్పత్తిని అనుమితిగా భావించాడు. ఆయన గ్రంథం దొరకలేదు. అభినవగుప్తుని అభినవభారతి ద్వారా, మమ్మటుని కావ్యప్రకాశం ద్వారా ఆయన మతం తెలుస్తున్నది. నటుడు శిక్షణతో, అభ్యాసంతో విభావాదులను ప్రదర్శిస్తాడు. అవి కృత్రిమమైనవే. ప్రేక్షకుడు వాటిని హేతువులుగా గ్రహించి నటునిలో స్థాయిభావాన్ని ఊహిస్తాడు. ఆ స్థాయి రామాదిగతమైన స్థాయికి అనుకరణం. అనుకరణ కావడం వల్లనే దానికి రసమన్న వేరు పేరు వచ్చింది.

ఇక్కడ శంకుకుడు చేసిన గొప్ప సూచన చిత్రతురగన్యాయం. గోడ మీది గుర్రపు బొమ్మను చూసి 'ఇది గుర్రం' అంటాం. ఈ జ్ఞానం యథార్థం కాదు, ఎందుకంటే అక్కడ గుర్రం లేదు. భ్రాంతీ కాదు, ఎందుకంటే దాన్ని ఎక్కి స్వారీ చేయాలని ఎవరూ పోరు. గుర్రమా కాదా అన్న సంశయమూ కాదు. గుర్రంలాంటిదేదో ఉందన్న సాదృశ్యజ్ఞానమూ కాదు. ఈ నాలుగింటికీ చెందని విలక్షణ ప్రతీతి అది.

సిమ్యులేషన్ ఫలితానికి ఇంతకన్నా సరైన వర్ణన దొరకదు. ఎన్‌ఎస్-3లో నడిచిన జాలం నిజమైన జాలం కాదు, అబద్ధపు జాలమూ కాదు. అందులో 'నూరు సందేశాలకు తొంభై చేరాయి' అన్నప్పుడు ఆ చేరిక జరిగిన స్థలం తెర మీదిది. అది తెలిసే పరిశోధకుడు దాన్ని వాడుతున్నాడు. బొమ్మ గుర్రం ద్వారా గుర్రం కాళ్ల నిష్పత్తి, మెడ వంపు నేర్చుకోవచ్చు. అదే విధంగా ఒక కొత్త మార్గనిర్ణయ పద్ధతిలో తర్కదోషం ఉందా, కణుపుల సంఖ్య పెరిగితే అది కుప్పకూలుతుందా అన్నవి సిమ్యులేషన్ ద్వారా బాగానే తెలుస్తాయి. శంకుకుని మాట ప్రకారం ఈ జ్ఞానాన్ని భ్రాంతి అనడం అన్యాయం. చిక్కంతా బొమ్మను చూసిన వాడు అసలు గుర్రం ఎంత వేగంగా పరుగెత్తుతుందో ప్రకటించినప్పుడే.

4. తౌతుని ప్రశ్నలు

4.1 ఎవరి దృష్టిలో అనుకరణ?

అభినవగుప్తుని గురువు భట్టతౌతుడు శంకుకుణ్ణి నిలదీసిన తీరు విమర్శకులకు నేటికీ పాఠం. రసం అనుకరణరూపమని అంటున్నారు, ఎవరి దృష్టిలో? ప్రేక్షకుని దృష్టిలోనా, నటుని దృష్టిలోనా, విశ్లేషించే వ్యాఖ్యాత దృష్టిలోనా, భరతముని వచనాన్ని బట్టా? ఒక్కొక్క పక్షాన్నీ తీసుకొని ఆయన ఖండించాడు.

సిమ్యులేషన్‌కు ఈ విభజన అచ్చంగా అన్వయిస్తుంది. సాధనం రాసిన ప్రోగ్రామరు దృష్టిలో అది సూత్రాల అమలు. వాడుకునే పరిశోధకుని దృష్టిలో అది ప్రయోగం. సిద్ధాంతవ్యాసాన్ని పరీక్షించే ఆచార్యుని దృష్టిలో అది రుజువు. దమ్మాయిగూడలో ఉండే మనిషి దృష్టిలో అది ఏదీ కాదు, ఎందుకంటే ఆయనను ఎవరూ అడగలేదు. నాలుగు దృష్టులకు నాలుగు అర్థాలున్న వస్తువును ఒకే మాటతో 'ఫలితం' అనడం వల్ల మొదటివాని జాగ్రత్త మూడోవాని దగ్గరకు చేరేసరికి మాయమవుతుంది. సాధనం రాసినవాడు 'ఈ నమూనా చదునైన నేలకు మాత్రమే' అని పత్రాల్లో రాస్తాడు. ఆ షరతు గ్రాఫులో కనిపించదు.

4.2 చూడనిదాన్ని అనుకరించడం

తౌతుని రెండో అభ్యంతరం మరింత బలమైనది. అనుకరించాలంటే అనుకార్యాన్ని చూసి ఉండాలి. రాముని రతిని చూసిన నటుడెవడు? ఈ ప్రశ్నను తెలుగువారికి దగ్గరగా చెప్పుకోవాలంటే మిమిక్రీని తలచుకోవచ్చు. ఓరుగల్లుకు చెందిన నేరెళ్ల వేణుమాధవ్ (1932–2018) ధ్వన్యనుకరణను ఒక కళగా నిలబెట్టారు. ఆ కళకు పరీక్ష సభలోనే ఉంది. అసలు గొంతును కళాకారుడు విన్నాడు, శ్రోత కూడా విన్నాడు. పోలిక కుదిరిందో లేదో శ్రోత చెవి తేల్చేస్తుంది. అసలు గొంతు ఎన్నడూ వినని సభలో మిమిక్రీకి చప్పట్లు కొట్టవచ్చు గానీ అది బాగుందని చెప్పడానికి ఆధారం ఉండదు.

సిమ్యులేషన్ విషయంలో ఇంజనీర్లు సరిచూడడంలో రెండు దశలను వేరుచేస్తారు. ప్రోగ్రాము సూత్రాన్ని సరిగా అమలు చేసిందా అన్నది ఒకటి, సూత్రం లోకానికి సరిపోయిందా అన్నది మరొకటి. మొదటిది గదిలో కూర్చొని తేల్చవచ్చు. రెండోదానికి అసలు గొంతు విన్నవారు కావాలి.

ఈ లోటును రేడియో పరిశోధకులే ముందుగా ఒప్పుకున్నారు. 2003లో డేవిడ్ కాట్జ్, కాల్విన్ న్యూపోర్ట్, చిప్ ఎలియట్ తమ రంగంలో చలామణి అవుతున్న ఆరు తప్పు నమ్మకాలను జాబితా వేశారు. లోకం చదునుగా ఉంటుంది. రేడియో వ్యాపించే మేర గుండ్రంగా ఉంటుంది. అన్ని రేడియోల పరిధీ సమానం. నీ మాట నాకు వినిపిస్తే నా మాట నీకూ వినిపిస్తుంది. వినిపించడమంటూ జరిగితే స్పష్టంగానే వినిపిస్తుంది. సంకేతబలం దూరాన్ని బట్టి మాత్రమే మారుతుంది. తరువాత క్షేత్రంలో కొలిచి ఈ ఆరూ నిలవవని చూపించారు.

2005లో కుర్కోవ్‌స్కీ, క్యాంప్, కొలగ్రాసో ఇంకొక కోణం నుంచి ఇదే పని చేశారు. చలన నిస్తంత్రీ జాలాలపై జరిగే ఒక ప్రతిష్ఠాత్మక సదస్సులో 2000–2005 మధ్య వచ్చిన 151 పత్రాలను పరిశీలిస్తే 114 పత్రాలు సిమ్యులేషన్ మీద ఆధారపడినవి. అన్నీ కలిపి చూసినా మరొకరు తిరిగి చేసి చూడడానికి తగిన వివరాలిచ్చినవి 15 శాతంలోపే. అంటే అసలు గొంతు సంగతి అటుంచి, అనుకరణను అనుకరించడానికి కూడా వీలులేని స్థితి.

4.3 మంచు – పొగ

తౌతుని ఖండనలో మూడో అంశం అనుమానప్రమాణానికి చెందినది. పొగను చూసి నిప్పును ఊహిస్తాం. పొగలా కనిపించే మంచును చూసి నిప్పులా కనిపించే మంకెనపూల గుత్తిని ఊహించం. కృత్రిమమైన హేతువు నుంచి అసలు వస్తువు తెలియదు, దాని అనుకరణ కూడా తెలియదు అని ఆయన భావం.

ఇది తర్కంలో వాడిన ఉపమానం. దమ్మాయిగూడలో ఇది నిజంగా జరిగే సంగతి. తక్కువ ధరకు దొరికే ధూళి సెన్సర్లలో ఒక లేజరు కిరణం ఉంటుంది. గాలిలోని కణాల మీద పడి చెదిరిన కాంతిని బట్టి పీఎం 2.5 ఎంత ఉందో లెక్కగడుతుంది. గాలిలో తేమ బాగా పెరిగినప్పుడు ధూళికణాలు నీటిని పీల్చి ఉబ్బుతాయి. మంచు బిందువులు కూడా కాంతిని చెదరగొడతాయి. సెన్సరు ఆ మంచును పొగగా లెక్కిస్తుంది. మార్గశిర పుష్య మాసాల తెల్లవారుజామున యార్డులో చెత్త కాలిన పొగా ఉంటుంది, పొగమంచూ ఉంటుంది. రెండిటినీ వేరుచేయాలంటే పక్కనే తేమను కొలవాలి, ప్రామాణిక పరికరంతో సరిపోల్చాలి, ఆ ఋతువులో, ఆ స్థలంలో సవరణ కట్టాలి.

సాధారణంగా జాలం సిమ్యులేషన్‌లో సెన్సరు కొలత తప్పనే ప్రశ్నే ఉండదు. కణుపు ఒక సంఖ్యను పంపుతుంది, ఆ సంఖ్య చేరిందా లేదా అన్నదే లెక్క. మంచును పొగగా మోసుకుపోయిన సందేశం కూడా అక్కడ విజయంగానే నమోదవుతుంది.

5. క్షేత్రం చెప్పిన సాక్ష్యం

నెదర్లాండ్స్‌లో బంగాళదుంప పొలంలో తెగులును ముందుగా పసిగట్టడానికి సుమారు వంద కణుపులతో ఒక జాలాన్ని నెలకొల్పారు. దాని అనుభవాలను లాంగెన్‌డోన్, బాజియో, విస్సర్ 2006లో ప్రచురించారు. ఆశించిన సమాచారంలో చేతికి వచ్చింది 2 శాతం మాత్రమే. ప్రోగ్రాము లోపాలు, ఆఖరి నిమిషపు మార్పులు, పరస్పరం పొసగని భాగాలు అన్నీ కలిసి దెబ్బతీశాయి. అదే పొలంలో జరిపిన రేడియో కొలతలు ఇంకొక విచిత్రాన్ని చూపాయి. వాన కురిసినప్పుడు, రాత్రివేళ తేమ హెచ్చినప్పుడు సంకేతం బలహీనపడకుండా మెరుగ్గా అందింది. గదిలో కూర్చొని ఊహించేవారు దీనికి విరుద్ధంగానే ఊహిస్తారు. ఈ పరిశోధకులు తమ వైఫల్యాన్ని దాచకుండా రాయడం వల్ల ఆ 2 శాతం తరువాతివారికి పాఠమైంది.

తెలుగు నేలకు దగ్గరి ఉదాహరణ పావగడ. కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందినదైనా అనంతపురం సరిహద్దును ఆనుకొని తెలుగు విస్తారంగా వినిపించే తాలూకా అది. అక్కడి చెన్నకేశవపురంలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ, లోజాన్‌లోని స్విస్ సాంకేతిక విద్యాసంస్థ కలిసి కామన్‌సెన్స్ నెట్ అనే జాలాన్ని నెలకొల్పాయి. నేలలో తేమ, గాలిలో వేడిమి, ఆర్ద్రత వంటివి కొలిచి వర్షాధార రైతుకు ఉపయోగపడాలన్నది లక్ష్యం. దాని వివరాలు 2006లో పత్రంగా వచ్చాయి. ఆ ప్రయత్నంలో గమనించవలసిన సంగతి దాని క్రమం. కణుపులను అమర్చే ముందు రైతులకు ఏ సమాచారం అవసరమో ఊళ్లో అడిగి తెలుసుకున్నారు.

అదే వేరుశనగ సీమలో మరో తరహా సిమ్యులేషన్ కూడా జరిగింది. సులోచన గాడ్గిల్, శేషగిరిరావు, శ్రీధర్ 1999లో కరెంట్ సైన్స్‌లో ప్రచురించిన వ్యాసంలో అనంతపురం ప్రాంతపు వర్షపాతం ఆధారంగా పంట నమూనాను నడిపి, వాతావరణపు ఒడుదొడుకులు వేరుశనగ మీద చూపే ప్రభావాన్ని పరిశీలించారు. ఇదీ అనుకరణే. కానీ అందులోకి వెళ్లిన వానలు అనంతపురంలో కురిసిన వానలు. అనుకార్యాన్ని చూసి చేసిన అనుకరణ ఇలా ఉంటుందని తౌతునికి చూపించవచ్చు.

6. దమ్మాయిగూడ నమూనాలో ఏమి ఉండాలి?

ఇప్పుడు ఆ చతురస్రం మీదికి తిరిగి రావాలి. దమ్మాయిగూడను ఆ చతురస్రంలో నిలపాలంటే కనీసం మూడు విషయాలు నమూనాలోకి రావాలి.

మొదటిది నేల. దక్కను గ్రానైటు గుట్టలు, వాటి మధ్య పల్లాలు, ఏటేటా పెరిగే అంతస్తులు ఈ ప్రాంతపు ఆకృతి. ఇనుప చువ్వల శ్లాబులు సంకేతాన్ని అడ్డుకుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని నీరు బాగా పీల్చుకుంటుంది కాబట్టి డాబా మీది ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు ఉదయం నిండుగా ఉన్నప్పుడు ఒక రకంగా, సాయంత్రం ఖాళీ అయినప్పుడు మరో రకంగా అడ్డు నిలుస్తుంది. అదే పౌనఃపున్యంలో ఇంటింటి వైఫై కూడా పనిచేస్తూ ఉంటుంది. అందువల్ల ఇక్కడి జాలానికి రాత్రి తొమ్మిది గంటల స్వభావం వేరు, తెల్లవారుజాము నాలుగు గంటల స్వభావం వేరు. గుండ్రని పరిధి ఈ ఊళ్లో ఎక్కడా కుదరదు.

రెండోది గాలి. యార్డు ఉత్తరాన ఉంది. నైరుతి ఋతుపవనాల కాలంలో వీచే గాలీ, శీతకాలంలో తూర్పు ఈశాన్యాల నుంచి వచ్చే గాలీ దాని వాసనను వేరువేరు దిక్కులకు తీసుకుపోతాయి. చలిరాత్రుల్లో నేల దగ్గరి గాలి పైగాలికన్నా చల్లబడి కదలక నిలిచిపోతుంది. అప్పుడే పొగ, వాసన కిందనే తేలుతాయి. కణుపులను సమదూరంలో చల్లే సిమ్యులేషన్‌కు ఈ దిక్కులూ తెలియవు, ఈ వేళలూ తెలియవు. గచ్చిబౌలి ప్రాంతంలో ట్రిపుల్ ఐటీ పరిశోధకులు చిన్న విస్తీర్ణంలో ఎక్కువ సంఖ్యలో ధూళి సెన్సర్లను నెలకొల్పడానికి కారణం కూడా కాలుష్యం వీధికీ వీధికీ మారడమే. నగరం పడమటి అంచున అందిన ఆ క్షేత్రానుభవం తూర్పు అంచుకు సాయపడవచ్చు. అక్కడి సంఖ్యలను ఇక్కడ అతికించడం మాత్రం మళ్లీ చూడనిదాన్ని అనుకరించడమే అవుతుంది.

మూడోది అసలు ఏమి కొలవాలన్న ప్రశ్న. జాతీయ వాయునాణ్యతా సూచీ ఎనిమిది కాలుష్యకారకాలను లెక్కలోకి తీసుకుంటుంది. పీఎం 10, పీఎం 2.5, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. చెత్త కుళ్లినప్పుడు వచ్చే కంపుకు ముఖ్యకారణాల్లో ఒకటైన హైడ్రోజన్ సల్ఫైడ్ ఆ ఎనిమిదింటిలో లేదు. ఆ వాయువు గాలిలో వందకోట్ల భాగాలకు కొద్ది భాగాలున్నా మనిషి ముక్కు పసిగడుతుంది. అంత తక్కువ మోతాదును చవక సెన్సరు నమ్మకంగా చెప్పలేదు. కనుక సూచీ 'ఫరవాలేదు' అని చూపిస్తున్న రాత్రి కూడా దమ్మాయిగూడ కిటికీలు మూసి ఉండవచ్చు. యంత్రానికి అందనిది ముక్కుకు అందుతుంది. దేన్ని కొలవాలో తేల్చకుండా కొలతలను ఎలా చేరవేయాలో తేల్చిన జాలం, ఎంత సమర్థమైనదైనా, ఈ ఊరి బాధకు సమాధానం కాలేదు.

7. పూర్వపక్షం

ఈ విమర్శకు ఇంజనీరింగ్ పరిశోధకులు చెప్పగల సమాధానాలను తేలికగా తోసిపుచ్చకూడదు. మొదటిది ఖర్చు. ఒక సాధారణ కళాశాల పరిశోధకునికి వంద కణుపులు కొనే నిధి ఉండదు. అనుకరణ సాధనాల్లో చాలావరకు ఉచితం. క్షేత్రం తప్పనిసరి అంటే పరిశోధన నిధులున్న సంస్థలకే పరిమితమవుతుంది. రెండోది నియంత్రణ. రెండు పద్ధతులను పోల్చాలంటే తక్కిన పరిస్థితులన్నీ సమానంగా ఉండాలి. క్షేత్రంలో ఏ రెండు రోజులూ సమానం కావు. మూడోది పరిమాణం. వెయ్యి కణుపుల ప్రవర్తన తెలుసుకోవాలంటే తొలి అడుగు కంప్యూటరులోనే వేయాలి.

ఈ మూడూ నిజమే. అయితే ఇవి సిమ్యులేషన్ చేయడాన్ని సమర్థిస్తాయి గానీ దానితో ఆగిపోవడాన్ని సమర్థించవు. వంద కణుపులకు నిధి లేకపోయినా రెండు కణుపులతో ఒక వీధిలో వారం రోజులు సంకేతబలాన్ని కొలవవచ్చు. ఆ కొలతతో ఘాతాంకాన్ని కట్టి సాధనానికి ఇస్తే, తక్కిన తొంభై ఎనిమిది కణుపులూ దమ్మాయిగూడ గాలిని కొంతైనా పీలుస్తాయి. పద్ధతుల పోలిక మాత్రమే లక్ష్యమైతే ఆ సంగతి శీర్షికలోనే చెప్పి, ఊరిపేరు వాడకుండా ఉండవచ్చు. ఊరిపేరు పెట్టిన క్షణం నుంచి ఆ ఊరికి బాధ్యత మొదలవుతుంది.

నాట్యానికీ సిమ్యులేషన్‌కూ ఉన్న భేదాన్ని కూడా గుర్తించాలి. నాటకం చూసినవాడు రామునికి ఏమీ చేయబోవడం లేదు, అతని ఆస్వాదం అక్కడితో పూర్తవుతుంది. అందుకే చిత్రతురగజ్ఞానం అక్కడ చెల్లింది. సిమ్యులేషన్ ఫలితం లోకంలో పనికి పూనుకొంటుంది. యార్డు పక్కన ఎక్కడ సెన్సర్లు పెట్టాలి, ఎక్కడ అక్కరలేదు అన్న నిర్ణయానికి అది ఆధారం కావచ్చు. అక్కరలేదని తేలిన వీధి కొలతల్లోంచి తప్పుకుంటుంది, ఫిర్యాదుకు సాక్ష్యం లేకుండా పోతుంది. కాబట్టి కళలో శంకుకునికి ఇచ్చిన వెసులుబాటు ఇక్కడ ఇవ్వడం కుదరదు.

8. తెలుగు పరిశోధనకు ఇందులో పని ఏమిటి?

మొదటి పని పరిభాషకు సంబంధించినది. సిమ్యులేషన్‌కు 'ప్రతిరూపణ' వంటి మాటలు మరింత శాస్త్రీయంగా ధ్వనించవచ్చు. ప్రతిరూపం అన్నప్పుడు అసలు ఎంతో నకలూ అంతే అన్న భరోసా ఆ మాటలోనే చేరుతుంది. అనుకరణ అన్న మాట ఆ భరోసా ఇవ్వదు. దాన్ని వినగానే 'ఎవరిని, ఎంతవరకు, చూసి చేశారా' అన్న ప్రశ్నలు తెలుగువాని మనసులో కదులుతాయి. తన విమర్శను తనలోనే దాచుకున్న ఆ మాటను నిలుపుకోవడం మేలు.

రెండోది క్షేత్రసంప్రదాయానికి సంబంధించినది. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటాన్ని ప్రచురించింది. భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో వ్యవసాయ పదాలను ఊళ్లలో రైతులను అడిగి సేకరించిన గ్రంథమది. నాగలి భాగాలకు గ్రంథాల్లో ఏ పేర్లున్నాయో చూసి సరిపెట్టుకొని ఉంటే ఆ పదకోశం తయారయ్యేదే కాదు. దుర్వాసన ఏ వేళ, ఏ దిక్కు నుంచి, ఏ రకంగా వస్తుందో చెప్పే మాటలు దమ్మాయిగూడ వాసుల దగ్గర ఉన్నాయి. కుళ్లువాసన, కాలినవాసన, మురుగువాసన ఒకటి కావు. ఆ భేదాలను రాసుకుంటే ఏ వీధిలో ఏ వాయువును కొలవాలో ఇంజనీరుకు ఒక తొలి పటం దొరుకుతుంది. ఇది భాషాశాఖ పరిశోధకుడు చేయగల పని.

మూడోది ఆత్మవిమర్శ. ఊరు చూడకుండా ఊరి సాహిత్యం మీద, పాడేవారిని వినకుండా పాట మీద సిద్ధాంతాన్ని నడిపి ఫలితం ప్రకటించే వ్యాసాలు తెలుగులో లేవనలేం. సిద్ధాంతం కూడా ఒక సాధనమే. దానికి మనం ఇచ్చే విలువలు ఎక్కడి నుంచి తెచ్చామన్న ప్రశ్న ఇంజనీరుకు ఎంత వర్తిస్తుందో సాహిత్య పరిశోధకునికీ అంతే వర్తిస్తుంది.

9. ముగింపు

శంకుకుడు చెప్పినట్టు అనుకరణజన్య జ్ఞానం భ్రాంతి కాదు. తౌతుడు చెప్పినట్టు అది చూడనిదాని గురించి సాక్ష్యమూ కాదు. ఈ రెండు మాటల నడుమ సిమ్యులేషన్ పరిశోధనకు న్యాయమైన స్థానం ఉంది. దాన్ని నిలబెట్టడానికి పరీక్షకులు సిద్ధాంతవ్యాసం చేతికి అందినప్పుడు మూడు ప్రశ్నలు వేస్తే చాలు. నమూనాలోని విలువలను ఏ స్థలంలో కొలిచారు? ఏయే విషయాలను వదిలిపెట్టారు? మరొకరు తిరిగి నడపడానికి కావలసిన వివరాలన్నీ ఇచ్చారా? మొదటి ప్రశ్నకు సమాధానం లేనప్పుడు శీర్షికలోంచి ఊరిపేరు తీసివేయమనడం కఠినత్వం కాదు.

పీఎం 2.5కు దేశంలో 24 గంటల సగటు పరిమితి ఘనమీటరుకు 60 మైక్రోగ్రాములు. ఆ అంకెను దాటిందో లేదో చెప్పే పరికరం దమ్మాయిగూడ వీధిదీపపు స్తంభానికి అమరిన రోజున, అది చూపే సంఖ్యను చదివి 'రాత్రి ఇంతకన్నా ఎక్కువే ఉంది' అనో, 'అది పొగ కాదు, మంచు' అనో చెప్పగలవారు ఆ కింది ఇంట్లోనే ఉంటారు. అసలు గొంతు విన్న ఆ శ్రోతను సభలోకి పిలవనంతకాలం అనుకరణకు దక్కే చప్పట్లకు విలువ లేదు.